ఉగాది లింకు గ్రూపులో వేసే ముందు: పీహెచ్‌పీలో టెక్స్ట్ ఫైల్ జాగ్రత్తలు

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల ఉగాది పేర్ల జాబితాలు ఏటా టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటాయి. పీహెచ్‌పీలో (సర్వర్ మీద నడిచే ప్రోగ్రామింగ్ భాష) రాసిన ఒక పేజీ వాటిని చదివి చూపిస్తుంది. ఇలాంటి పని మీ నెత్తిన పడితే, లింకు వాట్సాప్‌లో వేసేలోపు ఇవి చూసుకోండి.

ముందు ఫైల్ పేరు సంగతి. అడ్రసు బార్‌లో వచ్చిన మాటను అలాగే ఫైల్ తెరిచే ఫంక్షన్ ఎఫ్‌ఓపెన్‌కి ఇచ్చారా, కొంప మునిగినట్టే. ఎవడో ../../ అని కొట్టుకుంటూ పై ఫోల్డర్లకు ఎక్కి, డేటాబేస్ పాస్‌వర్డున్న ఫైల్ చదివేస్తాడు. బేస్‌నేమ్ వాడితే దారి తీసేసి ఉత్త పేరు మిగులుస్తుంది, కానీ నేను దాన్నొక్కదాన్నే నమ్మను. పిల్లలు, పాటలు, భోజనాలు అని మూడు పేర్లు కోడ్‌లోనే రాసుకుంటాను, వాటిలో లేనిది అడిగితే పేజీ ఇవ్వను. టెక్స్ట్ ఫైలే కదా అని ఇంక్లూడ్‌తో (వేరే ఫైల్‌ని మన కోడ్‌లో కలిపేసే ఆదేశం) లాగొద్దు. లోపల పీహెచ్‌పీ కోడ్ ఉంటే, చివర డాట్ టీఎక్స్‌టీ అని ఉన్నా సరే, నడిచేస్తుంది.

ఫైల్ మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి తెచ్చుకోవడం చిన్న జాబితాకి ఫర్వాలేదు. పెద్ద లాగ్ ఫైళ్లయితే ఎఫ్‌గెట్స్‌తో లైను లైనుగా చదవండి, పీహెచ్‌పీకి మామూలుగా ఉండే మెమరీ హద్దు 128 ఎంబీయే.

అసలు తలనొప్పి తెలుగు అక్షరాల దగ్గర. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ‘శ్రీ’ చూడ్డానికి ఒక్కటే, లోపల 12 బైట్లు. పోయినేడు కార్డులో పట్టడం లేదని పేర్లను సబ్‌స్ట్రింగ్‌తో 20 బైట్లకు కత్తిరించాను. శ్రీలక్ష్మి గారి పేరు ‘శ్రీలక’ తర్వాతి గుర్తు మధ్యలో తెగి, పక్కన నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తు. ఆవిడ ఫోన్ చేసి "బాబూ, నన్నెందుకు సగం చేశావ్?" అన్నారు. పీహెచ్‌పీ 8.1 కంటే పాతదైతే ఇంకా ఘోరం: పేజీలో చూపేముందు పేరును శుభ్రం చేసే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్ అలా తెగిన పేరును చూసి ఖాళీ ఇస్తుంది, మనిషే గల్లంతు. అలాగని ఆ ఫంక్షన్ మానొద్దు, పేరు బదులు ఎవరైనా స్క్రిప్ట్ రాసిస్తే అడ్డుకునేది అదే. కత్తిరించడమే మానేసి, ఆ పని పేజీ రూపం చూసుకునే సీఎస్ఎస్‌కి వదిలేశాను.

పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన ఫైల్ మొదట్లో కనపడని 3 బైట్లు ఉండొచ్చు. వెతికితే మొదటి పేరొక్కటే దొరకనప్పుడు అనుమానం వాటి మీదే పెట్టుకోండి.

ఇక ఫైల్ పేరు కావాలనే మార్చి పేజీ తెరిచి చూడండి. ఎఫ్‌ఓపెన్ ఫాల్స్ (ఫైల్ తెరవలేదని) ఇచ్చిందో లేదో కోడ్ చూడకపోతే, పీహెచ్‌పీ 7లో ఫైల్ అయిపోయిందా అని చూసే ఎఫ్‌ఈఓఎఫ్ లూపు ఆగకుండా తిరుగుతుంది. తెర మీద సర్వర్ ఫోల్డర్ దారితో సహా వార్నింగ్ కనిపిస్తే డిస్‌ప్లే ఎర్రర్స్ సెట్టింగ్ ఆఫ్ చేసి, అప్పుడు లింకు వేయండి.