చందమామ ఫోటో ఎందుకు చెడిపోతోంది: పర్లాకిమిడి డాబా మీంచి కొన్ని సమస్యలు, పరిష్కారాలు

మొన్న అష్టమి నాడు మా బామ్మర్ది గుణుపురం నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. నల్లటి తెర మధ్యలో సగం విరిగిన అప్పడంలాంటిది తెల్లగా మెరుస్తోంది. "బావా, ఇది చంద్రుడే, ఒట్టు. ఫోన్ కెమెరా పోయినట్టుంది, కొత్తది కొనేయమంటావా?" అని కింద రాశాడు. వద్దురా అన్నాను. ఫోటో చెడిపోయిన తీరు చూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. పాత 70 మి.మీ. టెలిస్కోపు, సెకండ్‌హ్యాండ్ కెమెరా పట్టుకుని ఈ తప్పులన్నీ వాడికంటే ముందు నేను చేసినవే.

తెల్లటి ముద్దలా వస్తోంది, మచ్చలేం లేవు

తెరలో ముప్పాతిక భాగం నల్లటి ఆకాశమే కాబట్టి కెమెరా "అబ్బో, చీకటి" అనుకుని వెలుతురును ఎక్కువసేపు లోపలికి తీసుకుంటుంది. అసలు సంగతేంటంటే మనకి రాత్రే గానీ అక్కడ ఆ రాళ్ళ మీద పట్టపగలు ఎండ కాస్తోంది. ఎండలో ఉన్న బండరాయిని తీసినట్టే చంద్రుణ్ణీ తీయాలి.

ఫోన్‌లో అయితే ముందు నైట్ మోడ్ ఆపేయండి. చంద్రుడి మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే ఫోకస్, ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు) లాక్ అవుతాయి, పక్కనే సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కిందికి లాగుతూ పోతే తెల్లముద్దలోంచి ఒక్కొక్క మచ్చా బయటపడుతుంది. ప్రో మోడ్ ఉంటే ఇంకా సులువు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత సున్నితంగా ఉండాలో చెప్పే అంకె) 50 లేదా 100 పెట్టి షట్టర్ (వెలుతురు లోపలికొచ్చే సమయం) 1/125 సెకను దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుకోవచ్చు. కెమెరా ఉన్నవాళ్ళకి పాత లెక్క ఒకటుంది: పున్నమి చంద్రుడికి ఎఫ్ 11 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), ఐఎస్ఓ ఎంతో షట్టర్ కూడా అంతలో ఒకటో వంతు, అంటే ఐఎస్ఓ 100కి 1/100 సెకను.

ఇదే లెక్క అష్టమికీ పెడితే ఫోటో నల్లగా వస్తుంది. సగం చంద్రుడంటే సగం వెలుగు అనుకుంటాం గానీ నిజానికి పున్నమి వెలుగులో దాదాపు పదో వంతే ఉంటుంది, ఎందుకంటే ఎండ ఏటవాలుగా పడి ప్రతి గుంత పక్కనా నీడ ఉంటుంది. 1/30 దాకా రండి. గ్రహణమైతే మరీ తేడా. 2025 సెప్టెంబరు 7 రాత్రి 11 గంటల నుంచి 12:22 దాకా సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు నేను కంగారులో పున్నమి సెట్టింగ్ మార్చడం మర్చిపోయాను. మబ్బుల సందులో దొరికిన పది నిమిషాల్లో తీసినవన్నీ నల్లటి ఫోటోలే. ఎర్రటి చంద్రుడికి ఐఎస్ఓ 800 పెట్టినా ఒక సెకను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాలి.

మచ్చలున్నాయి గానీ అంతా అలికేసినట్టుంది

ఎక్కువమంది అడిగేది ఇదే, డబ్బులు తగలేసేది కూడా ఇక్కడే. ముందు ఏమీ మార్చకుండా వరసగా పది ఫోటోలు తీసి, పెద్దవి చేసి పక్కపక్కన పెట్టుకుని చూడండి.

పదీ ఒకేలా మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది. లెన్స్ మీద అడ్డంగా పడుకున్న ఎనిమిది గుర్తు దగ్గరికి తిప్పేసి వదిలేస్తారు చాలామంది, కానీ చాలా లెన్సులు ఆ గుర్తు దాటి ఇంకొంచెం తిరుగుతాయి. ఆటో ఫోకస్ ఆపి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, పదిరెట్లు పెద్దది చేసి, వెలుగూ చీకటీ కలిసే గీత మీద గుంతల అంచులు కత్తిరించినట్టు కనబడేదాకా మెల్లగా తిప్పండి. చంద్రుడి బయటి అంచు మీద ఫోకస్ చేస్తే కన్ను మోసపోతుంది.

కొన్ని బాగుండి, కొన్నిట్లో ప్రతి గుంతా ఒకే వైపుకి జంటగా కనబడితే కెమెరా కదిలింది. బటన్ నొక్కిన వేలే కారణం. రెండు సెకన్ల టైమర్ పెట్టండి, టెలిస్కోపుకైతే పది సెకన్లు. స్టాండు మీద ఉన్నప్పుడు లెన్స్‌లోని స్టెబిలైజేషన్ (చేతి వణుకు సర్దే ఏర్పాటు) ఆపేయండి, స్టాండు మధ్యలో ఇసుకో బియ్యమో ఉన్న సంచి వేలాడదీయండి. స్టాండే లేకపోతే పిట్టగోడ మీద ఇసుక సంచి వేసి దాని మీద కెమెరా పడుకోబెట్టినా పని జరుగుతుంది. మా డాబా మీద పిల్లలు పరిగెడితే స్లాబంతా ఊగుతుంది, కంటికి తెలీదు గానీ ఐపీస్‌లో (టెలిస్కోపుకి కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్) చంద్రుడు గంతులేస్తాడు. ఇంకో సంగతి, భూమి తిరుగుతుంది కాబట్టి చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు. మోటారు లేని టెలిస్కోపుతో ఎక్కువ జూమ్‌లో షట్టర్ మరీ నెమ్మదిగా పెడితే స్టాండు ఎంత గట్టిదైనా లాభం లేదు.

పది ఫోటోల్లో చంద్రుడి అంచు పది రకాలుగా, నీళ్ళలో చూసినట్టు వంకర్లు తిరిగి ఉంటే గాలి. దీన్ని లెన్స్ మీదికి నెట్టేసి కొత్త లెన్స్ కొన్నవాళ్ళు నాకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో మా స్లాబు రాత్రి తొమ్మిదింటికి కూడా చెప్పుల్లేకుండా నిలబడనివ్వదు, ఆ వేడంతా ఆవిరిలా లేచి లెన్స్ ముందే ఆడుతుంది. సాయంత్రం ఆరింటికే నాలుగు బకెట్ల నీళ్ళు పోసి ఆరనిస్తే కొంత మేలు. అంతకంటే మేలు పెరట్లో మట్టి నేల మీదో గడ్డి మీదో పెట్టుకోవడం. పక్కవీధి రేకుల షెడ్డు మీదుగా తీయకండి, చంద్రుడు దాన్ని దాటి పైకి వచ్చేదాకా ఆగండి. టెలిస్కోపు గొట్టంలోని గాలి కూడా చల్లారాలి, అరగంట ముందే బయట పెట్టండి. ఇన్ని చేసినా కొంత వణుకు ఉంటుంది, దానికి మందు వీడియో. ఒక నిమిషం వీడియో తీసి ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే వెయ్యికి పైగా ఫ్రేముల్ని నాణ్యత ప్రకారం వరసపెడుతుంది, అందులో మంచివి పదిహేను, ఇరవై శాతం చాలు, వాటిని కలిపి ఒక్క ఫోటో చేస్తుంది. తర్వాత షార్ప్ చేసేటప్పుడు చెయ్యి కట్టేసుకోవాలి. నా మొదటి ఫోటోలో చంద్రుడి అంచుకి తెల్లటి జరీ కుట్టినట్టొచ్చింది, మా ఆవిడ బాగుందంది గానీ అది తప్పే.

ఇక నాలుగోది: చంద్రుడి చుట్టూ పాలలాంటి వెలుగు, నిమిషానికోసారి ఇంకా పెరుగుతోంది. మంచు పట్టింది. డిసెంబరు, జనవరిల్లో మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న మా వైపు రాత్రి పదింటికే లెన్స్ చెమర్చేస్తుంది. తుడవకండి, చారలు పడతాయి. నల్ల చార్టు పేపర్ని గొట్టంలా చుట్టి లెన్స్ ముందు ఒక జానెడు బయటికి ఉండేలా రబ్బరు బ్యాండు వేస్తే చాలా ఆలస్యంగా పడుతుంది. పడ్డాక హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో, దూరం నుంచి.

టెలిస్కోపుకి ఫోన్ పెడితే నల్లటి నీడ అడ్డొస్తోంది

ఐపీస్‌లోంచి వచ్చే వెలుగు సన్నటి పుల్లంత, దానికి ఎదురుగా ఫోన్ కన్ను సరిగ్గా పడాలి. పక్కకి జరిగితే నెలవంకలాంటి నీడ, మరీ దగ్గరైనా దూరమైనా చుట్టూ నల్ల వలయం. 10 మి.మీ. ఐపీస్ తీసేసి 25 మి.మీ. పెట్టి మొదలెట్టండి, చేత్తో పట్టుకున్నా దొరుకుతుంది. అయినా ఉన్నట్టుండి తెర మొత్తం నల్లబడిందా? మీరు జూమ్ చేశారు, ఫోన్ తనంతట తానే పక్కనున్న ఇంకో లెన్స్‌కి మారిపోయింది, దాని ముందు ఐపీస్ లేదు. జూమ్ 1 దగ్గరే ఉంచి, తీశాక కత్తిరించుకోండి. ఇది కనిపెట్టడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

అంచుకి రంగులు

చుట్టూ ఊదా రంగు ఉంటే మీ టెలిస్కోపు లెన్స్ గుణం, చౌక రిఫ్రాక్టర్లన్నీ (ముందు లెన్స్ ఉండే టెలిస్కోపులు) అంతే, ఫోటోని నలుపు తెలుపు చేసేయండి. పైఅంచు నీలం, కిందిఅంచు ఎరుపు అయితే చంద్రుడు బాగా కిందికున్నాడు, గాలే పట్టకంలా పనిచేస్తోంది. పైకొచ్చేదాకా ఆగడమే.

కంటికి పళ్ళెమంత, ఫోటోలో శనగగింజంత

కుమార పున్నమి (ఆశ్వయుజ పున్నమి) నాడు పక్కింటి ఒడియా పిల్లలు కొత్తబట్టలు కట్టుకుని "జహ్నమామూ" (చందమామా) అంటూ ఎదురుచూస్తుంటే కొండల మీంచి లేచే ఆ పసుప్పచ్చ చంద్రుడు నిజంగానే పళ్ళెమంత కనబడతాడు. అది మన మెదడు చేసే మాయ, పడమటికి దిగినా నడినెత్తికొచ్చినా చంద్రుడు అర డిగ్రీయే. చెయ్యి చాపి చిటికెనవేలు అడ్డం పెడితే మొత్తం దాగిపోతాడు. లెన్స్ మిల్లీమీటర్లని (ఫోకల్ లెంగ్త్, టెలిస్కోపు ముందు లెన్స్ వెడల్పు కాదు) 110తో భాగిస్తే సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద చంద్రుడు ఎంత పడతాడో వస్తుంది: 300 మి.మీ. లెన్స్‌కి 2.7 మి.మీ., 700 మి.మీ. టెలిస్కోపుకి 6.4. పిల్లలతో పాటు తీయాలంటే మీరు వెనక్కి నడిచి, దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీయాలి.

పున్నమి నాడే తీశాను, అయినా రొట్టెలా చప్పగా ఉంది

పున్నమి కాబట్టే. సూర్యుడు మన వీపు వెనకుంటాడు, గుంతలకి నీడలుండవు. గోడ క్యాలెండర్లో శుక్ల పంచమి నుంచి దశమి దాకా గుర్తు పెట్టుకోండి. షష్ఠికి థియోఫిలస్ గుంత, అష్టమికి టోలమేయస్ గుంతల వరస, నవమి దశములకి 93 కి.మీ. వెడల్పున్న కోపర్నికస్ గుంత వెలుగూ చీకటీ కలిసే గీత మీదికొస్తాయి. పున్నమికి మిగిలేది టైకో గుంత నుంచి నలువైపులా పరుచుకున్న తెల్లటి చారలు, అవీ చూడదగ్గవే.

చిన్నాచితకా

చంద్రుడి పక్కన తలకిందులుగా ఇంకో బుల్లి చంద్రుడు: లెన్స్ ముందున్న యూవీ ఫిల్టర్ తీసేయండి. నాలుగు వైపులా ప్లస్ గుర్తులా కిరణాలు: కిటికీ దోమల మెష్‌లోంచి తీస్తున్నారు, బయటికి రండి. చేత్తో తీసిన ఫోన్ ఫోటోలో మరీ అద్భుతమైన వివరాలు: ఫోన్ చంద్రుణ్ణి గుర్తుపట్టి తనకి తెలిసిన మచ్చలు దిద్దుతోందేమో, కెమెరా సెట్టింగుల్లో ఏఐ ఆపి మళ్ళీ తీయండి.

విక్రమ్ కనబడట్లేదు

"మావయ్యా, మన విక్రమ్ ఎక్కడుంది?" అని ఎదురింటి పాప ప్రతిసారీ అడుగుతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ దిగింది చంద్రుడి దక్షిణ అక్షాంశం 69 డిగ్రీల దగ్గర. ల్యాండర్ రెండు మీటర్లుంటే నా టెలిస్కోపుకి మూడు కిలోమీటర్ల కంటే చిన్నది విడిగా కనబడదు, అంతరిక్షంలో ఉన్న హబుల్ టెలిస్కోపుకి కూడా అది అందదు. చోటు మాత్రం చూపించొచ్చు, కానీ దక్షిణం ఎటో ముందు తేల్చుకోవాలి. రిఫ్లెక్టర్‌లో (లెన్స్ బదులు అద్దంతో పనిచేసే టెలిస్కోపు) బొమ్మ తలకిందులుగా ఉంటుంది, మళ్ళీ సగం తిప్పితే సరి. మూల అద్దం పెట్టిన నాలాంటి రిఫ్రాక్టర్‌లో పైకిందులు సరిగ్గానే ఉండి కుడి ఎడమలు మారతాయి, దానికి ఫోన్ ఎడిటర్‌లో ఫ్లిప్ నొక్కాలి, తిప్పితే కుదరదు. ఆ తర్వాత తెల్లచారల టైకోని పట్టుకుని, దాన్నీ దాటి అంచు వైపు, కొంచెం కుడికి వెళ్ళాలి. పాప ప్రతిసారీ టైకో దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది, ఆ గుంతే నచ్చిందట.