ఔషధ ఎగుమతుల కోసం రాష్ట్ర మంత్రి ఆఫ్రికా పర్యటన: ముందే చేయాల్సిన పనులు

టికెట్ల కంటే ముందు విదేశాంగ శాఖ రాజకీయ అనుమతికి (పొలిటికల్ క్లియరెన్స్) దరఖాస్తు పెట్టండి. హోటల్ ఖర్చు అక్కడి సంస్థ భరిస్తుంటే కేంద్ర హోం శాఖ అనుమతి కూడా కావాలి. దీనికి పెట్టే ఎఫ్‌సి-2 ఫారం దరఖాస్తు మామూలుగా ప్రయాణానికి 2 వారాల ముందే చేరాలి. చాలా పర్యటనలు చిక్కుకునేది ఇక్కడే. ఆహ్వానంలో ‘ఏర్పాట్లు మేం చూస్తాం’ అని మాత్రమే ఉంటే, ఏ ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఘనా లాంటి దేశానికైతే బృందంలో అందరికీ ఎల్లో ఫీవర్ టీకా వేయించాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. సర్టిఫికెట్ 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. అది లేకుండా తిరిగొస్తే 6 రోజుల వరకూ క్వారంటైన్‌లో ఉంచొచ్చు.

చర్చల్లో పెట్టుబడి అంకెలకన్నా ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థతో భేటీ ముఖ్యం. అక్కడ రిజిస్టర్ కాని మందు, ధర ఎంత తక్కువైనా, ఆసుపత్రికి చేరదు. అందుకే జెనోమ్ వ్యాలీ కంపెనీల నుంచి అక్కడ పెండింగ్‌లో ఉన్న ఫైళ్ల జాబితా తీసుకెళ్లండి: మందు పేరు, దరఖాస్తు తేదీ, ఆగిన కారణం. ఒప్పంద ముసాయిదా మాత్రం ముందే ఢిల్లీకి పంపాలి. విదేశీ ఒప్పందాలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితా అంశం.