జవాబు చెప్పకుండా సాయం చేయడం: అందరం కలిసి గడులు నింపే పద్ధతి

'కుస్తీలో ఓడిన గ్రామం మామిడికి పేరుపొందింది (3).' ఈ ఆధారం చదివి ఏ పల్లెలో కుస్తీ పోటీలు జరిగాయని ఆలోచిస్తే ఎక్కడికీ చేరలేం. గూఢ పదకేళిలో, అంటే మెలిక పెట్టిన ఆధారాలతో గడులు నింపే పదాల ఆటలో, ఆధారం చెప్పే కథను నమ్మకూడదు. వాక్యానికి ఒక కొసన, మొదట్లోనో చివర్లోనో, జవాబుకు నేరుగా అర్థం ఉంటుంది. మిగిలిన మాటలు అదే జవాబును అక్షరాలతో కట్టి చూపిస్తాయి. కుస్తీలో ఓడితే చిత్తు, గ్రామం అంటే ఊరు. రెండింటికీ ఉత్వసంధి చేస్తే మా చిత్తూరు. మామిడికి పేరుపొందింది అదే కదా!

నేను చిత్తూరులో పెళ్ళిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు చూస్తాను. రాత్రి వంట, భోజనాలు అయ్యాక ఫోనులో మా గడుల బృందం మేలుకుంటుంది. తిరుపతి కొర్లగుంటలో ఉండే పెదనాన్న, ఎస్వీ యూనివర్సిటీలో తెలుగు ఎం.ఏ. చదివే అమ్మాయి, పుత్తూరులో మందుల దుకాణం నడిపే అన్న, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మదనపల్లె కుర్రవాడు, నేను. కొత్తగా చేరాలనుకునేవాళ్ళు మొదట ఏమి నేర్చుకోవాలని అడుగుతుంటారు. వాళ్ళ కోసమే ఇది.

ముందు గడి లెక్క. ఆధారం చివర బ్రాకెట్లో ఉన్న అంకె జవాబుకు ఎన్ని గడులో చెబుతుంది. ఇంగ్లిషులో గడికి ఒక్కో అక్షరం, మనకు గడికి గుణింతమూ ఒత్తూ కలిసిన పూర్తి అక్షరం. చిత్తూరు అంటే చి, త్తూ, రు: మూడు గడులు. ఈ ఆట 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన గళ్ళతో మొదలైంది. ఇలా మెలిక పెట్టి ఆధారాలు ఇచ్చే పద్ధతి ఆ తరువాత ఇంగ్లండులో పెరిగింది. తెలుగులోకి వచ్చేసరికి శ్రీశ్రీ దీన్ని పదబంధ ప్రహేళిక అన్నారు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నారు. అక్షరమే గడి కావడం వల్ల మన ఆటకు వేరే రుచి వచ్చింది. సంధి ఉంది, సమాసం ఉంది, వెనకనుంచి చదివినా అర్థమిచ్చే మాటలు కావలసినన్ని ఉన్నాయి.

ఆధారంలో మెలిక ఎక్కడుందో చెప్పే మాట ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకోవడమే అసలు పని. 'కడప నుంచి తిరుగుముఖం పడితే నడుం వాల్చవచ్చు (3).' తిరుగుముఖం అన్నారు కాబట్టి కడపను వెనకనుంచి చదవాలి: పడక. నిలువు ఆధారమైతే ఇదే పనికి తలకిందులు, ఎగబాకిన లాంటి మాటలు వాడతారు. 'తోక తెగిన కోతి ఆకాశం నుంచి దిగుతుంది (2)' అన్నప్పుడు కోతికి ఇంకో పేరు వానరం, చివరి అక్షరం తీసేస్తే వాన. తల తెగిందంటే మొదటి అక్షరం పోయినట్టు. 'కలం నడుమ మనసు మొదలు, కొలనులో పూసింది (3)': మనసు మొదలు అంటే 'మ', దాన్ని కలం మధ్యలో పెడితే కమలం. 'గోవిందుడిలో దొరికే భోజనం (2)' చూడగానే మా బృందంలో అందరి మనసూ గోవిందరాజస్వామి గుడి ప్రసాదం మీదికి పోయింది. అక్షరాలు చూస్తే గో, విం, దు, డి. లోపల విందు సిద్ధంగా ఉంది.

తారుమారు ఆధారాల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 'అల్లకల్లోలమైన సాగరం ఒక రాగం (3).' సా, గ, రం అనే మూడు అక్షరాలను కదిపితే సారంగ. ఇది నాకు చాలా ఇష్టమైన ఆధారం. సముద్రం బొమ్మ కళ్ళకు కడుతుంది, ఒక్క అక్షరం కూడా వృథా పోలేదు. పెదనాన్న ఒకసారి కలవరాన్ని తారుమారు చేసి కలరవం రప్పించే ఆధారం కూర్చారు. 'ఇది కుదరదు పెదనాన్నా, కలవరంలో ఉన్నది రం, కలరవానికి కావలసింది ర' అన్నాను. 'సున్న పక్క గడికి జరిగింది, అంతే కదమ్మా' అన్నారు. అలా జరగనివ్వకూడదనే నా అభిప్రాయం, ఇప్పటికీ మారలేదు. సాగరంలో సున్న ఏ అక్షరం మీద ఉందో సారంగలోనూ దాని మీదే ఉంది, అందుకే అది చెల్లింది. పూరించేవాళ్ళు అక్షరాన్ని నమ్మి నడుస్తారు, ఆ నమ్మకాన్ని కూర్పరి నిలబెట్టాలి.

కొన్ని ఆధారాల్లో కత్తిరింపులు, కలబోతలు ఏవీ ఉండవు, ఒకే మాటకు రెండు అర్థాలు ఉంటాయి. 'పంచుకున్నా, పితికినా ఇవే (2)' అంటే పాలు. వీటికి పర్యాయపదాలు తెలిసి ఉండాలి. హరి అంటే విష్ణువే కాదు, కోతి, సింహం, గుర్రం కూడా. నెల అంటే మాసమే కాదు, చంద్రుడు కూడా. నిఘంటువు చూడటం తప్పేమీ కాదు. ఆంధ్రభారతి అనే వెబ్‌సైటులోని నిఘంటువుల్లో వెతికితే నిమిషంలో దొరుకుతుంది. కాకపోతే ముందు మనమే ఊహించి, సరిచూసుకోవడానికి నిఘంటువు తెరిస్తే ఆ మాట మనకు ఉండిపోతుంది.

ఇక కలిసి పూరించే సంగతి. దీని గురించే నాకు ఎక్కువ పట్టింపు. మా బృందంలో జవాబు నేరుగా పెట్టడం నిషేధం. ఎవరైనా చిక్కుకుంటే ముందు ఆధారం, గడుల సంఖ్య, అప్పటికి వచ్చిన అక్షరాలు, తాము ఏమి ప్రయత్నించారో రాయాలి. 'అడ్డం 9, మూడు గడులు, నడుమ డ వచ్చింది, కడపలో చూడదగిన స్థలాలన్నీ వెతికాను' అని మదనపల్లె కుర్రవాడు రాశాడనుకోండి, అతను ఎక్కడ దారి తప్పాడో మాకు వెంటనే తెలుస్తుంది. 'తొమ్మిది రావడం లేదు' అని మాత్రమే రాస్తే సాయం చేయడానికి మాకు పట్టు దొరకదు.

సాయం చేసేవాళ్ళు ఒక్కో మెట్టే దిగాలి. మొదట నేరు అర్థం ఏ కొసన ఉందో చెప్పాలి. అప్పటికీ రాకపోతే మెలిక మాట ఏదో చూపాలి. ఇంకా రాకపోతే ఒక ముక్క విప్పాలి. అంతకు మించి వద్దు. 'సగం పులిహోరకే గాండ్రించింది (2)' దగ్గర పుత్తూరు అన్న ఆగిపోయారు. చింతపండు, పోపు, ఎండుమిర్చి అంటూ కారం వైపు వెళ్ళిపోయారు. 'అన్నా, రుచి పక్కన పెట్టండి, సగం అన్న మాటను లెక్కగా చూడండి' అని రాశాను. పులిహోరలో నాలుగు అక్షరాలు, సగమంటే రెండు. కాసేపటికి ఆయన పంపింది ఒక పులి బొమ్మ. జవాబు నేనే చెప్పి ఉంటే ఆ గడి నిండేది గానీ, ఆ ఆనందం ఆయనది అయ్యేది కాదు. మరుసటి వారం 'సగం' కనిపించగానే ఆయనే అందరికంటే ముందు పట్టుకున్నారు.

గడులన్నీ నిండాక ఒక్కొక్కరు కొన్ని ఆధారాలు తీసుకుని వివరణ రాయాలి. ఎందుకు ఆ జవాబే వస్తుందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. అడ్డం మాటల వల్ల దానంతటదే నిండిపోయిన నిలువు మాటకైతే ఇది మరీ ముఖ్యం, మనకు అర్థం కాకుండానే దాటిపోయేది అలాంటివే. మా ఎం.ఏ. అమ్మాయి వివరణలు చదివితే వ్యాకరణం తరగతిలో కూర్చున్నట్టే ఉంటుంది.

చేరాలనుకునేవాళ్ళు ఇది ప్రయత్నించి రండి: 'చిల్లర నాణెం, లడ్డూ చుట్టే ముందు పట్టేదానితో కలిస్తే, బావిలో వెలసిన దేవుడి ఊరు (4).' నేరు అర్థం చివరి కొసన ఉంది. రెండు మాటలు పక్కపక్కన పెడితే చాలు, ఒక్కోదానికి రెండేసి గడులు.