కరెంటు లేని పది రోజులు – 4వ పాఠం: తుపానుకి ముందు ఆఖరి 24 గంటలు

ఈ పాఠంలోకి వెళ్ళేముందు మూడో పాఠం పంచాయితీ ఒకటి తేల్చుకోవాలి. ఇన్వర్టర్ లెక్క చెప్పాను కదా, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ, 12 వోల్టులు, రెండూ గుణిస్తే 1800 వాట్ అవర్లు అని. సగం మంది అక్కడితో చదవడం ఆపేసి, 1800ని ఫ్యాను 75 వాట్లతో భాగించేసి "ఒక ఫ్యాను 24 గంటలు తిరుగుద్ది కదా సార్" అని మెసేజులు. ఇంకొంతమంది నిజంగానే మెయిన్ ఆపి చూశారంట, నాలుగు గంటలకే కుయ్యిమని అరిచి పడుకుందంట, మీ పాఠం తప్పు అని నామీదకొచ్చారు. పాఠం తప్పు కాదండీ, కింద పేరా చదవలేదు అంతే.

1800 అనేది స్టిక్కరు మీద లెక్క. బ్యాటరీని చివరి చుక్క దాకా పిండితే దాని ఆయుష్షు పోద్ది కాబట్టి 80 శాతం దగ్గర ఆపాలి, అంటే 1440. బ్యాటరీ ఇచ్చే డీసీని ఇంట్లో వాడే ఏసీగా మార్చే పనిలో ఇన్వర్టర్ తన వాటా తను తింటుంది, మీ చేతికొచ్చేది 1150 దాకా. అది కూడా కొత్త బ్యాటరీకి, నాలుగేళ్ళ పాతదైతే అందులో సగం వచ్చినా సంతోషించాలి. పైగా ఏమీ వెయ్యకపోయినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నందుకే ఓ 15, 20 వాట్లు లాగుతూనే ఉంటుంది. కాబట్టి 1150 ఒక్కటి గుర్తు పెట్టుకోండి, రెండు మామూలు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీలు వేస్తే అది ఆరు గంటలు కూడా రాదు. అదే తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాను ఒక్కటి, 30 వాట్లది, ఒక 9 వాట్ల బల్బు, రాత్రి మాత్రమే అనుకుంటే రెండు రాత్రులు గట్టిగా లాగొచ్చు. నాలుగు గంటలే వచ్చిందన్నాయన్ని కూర్చోబెట్టి అడిగితే తేలిందేంటంటే ఆయన ఫ్రిజ్ ప్లగ్గు కూడా ఇన్వర్టర్ లైన్లోనే ఉంది. ఎలక్ట్రీషియన్ పెట్టాడు, ఈయన చూసుకోలేదు.

ఇంకో అనుమానం చాలామందికి. "దేశం మొత్తం గ్రిడ్ కూలిపోతే నెలల తరబడి కరెంటు ఉండదంట కదా" అని. గ్రిడ్ అంటే కరెంటు తయారయ్యే చోట్లనీ ఊళ్ళనీ కలిపే పెద్ద లైన్ల వల. 2012 జులై 30న ఉత్తరాది గ్రిడ్ కూలింది, మళ్ళీ 31న దాంతోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లూ కూలాయి, రెండో రోజు 60 కోట్లకి పైగా జనానికి కరెంటు పోయింది. మనకి పోలేదు, ఎందుకంటే మన దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే తాళంలో లేదు, 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో కలిసింది. కానీ చూడండి, అంత పెద్ద కూలుడు కూడా దాదాపు ఒక రోజులో సర్దుకుంది. స్తంభాలు నిలబడే ఉన్నాయి కాబట్టి. మన దగ్గర కరెంటు వారాల తరబడి పోయేది గ్రిడ్ కూలి కాదు, స్తంభాలు కూలి. 2014 అక్టోబర్ 12 ఆదివారం హుద్‌హుద్ వైజాగ్ మీద పడ్డప్పుడు మా వీధికి కరెంటు వచ్చింది పదో రోజు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు లైన్ల మీద పడి ఊళ్ళకి ఊళ్ళు చీకట్లో ఉండిపోయాయి. 2017లో మరియా తుపాను తర్వాత అమెరికా ఏలుబడిలోని ప్యూర్టోరికో దీవిలో ఆఖరి ఇళ్ళకి కరెంటు వచ్చేసరికి దాదాపు ఏడాది అయింది. అక్కడా స్తంభాలూ టవర్లే పోయాయి. అందుకే మన సిలబస్ తుపాను. తీరానికి దూరంగా ఉన్నోళ్ళు కూడా చదవండి, నష్టం లేదు.

ఇప్పుడు నాకు బీపీ తెప్పించే విషయం. సోలార్.

మూడో పాఠం తర్వాత వచ్చిన మెసేజుల్లో ఎక్కువ ఇదే మాట, "మాకు మేడ మీద సోలార్ ఉంది సార్, మాకు ఈ లెక్కలు అక్కర్లేదు". 2024 ఫిబ్రవరిలో కేంద్రం మేడ మీద సోలార్ పథకం పీఎం సూర్య ఘర్ వచ్చాక, 3 కిలోవాట్లకి 78 వేలు సబ్సిడీ అనేసరికి చాలామంది పెట్టించుకున్నారు, మంచిదే, బిల్లు తగ్గుద్ది. కానీ మీకున్నది ఆన్‌గ్రిడ్, అంటే వీధి లైనుకి కలిపి నడిచే రకం అయితే, బ్యాటరీ లేకపోతే, వీధిలో కరెంటు పోయిన మరుక్షణం మీ సోలార్ కూడా పోద్ది. ఎండ నిప్పులు చెరుగుతున్నా సరే పోద్ది. అది రిపేరు కాదు, దాన్ని తయారుచేసిందే అలా.

బుర్రకథ చూశారు కదా. కథకుడు పాడుతుంటే పక్కన ఇద్దరు వంతలు తందాన తాన అంటారు. కథకుడు లేచి ఇంటికెళ్ళిపోతే వంతలు ఒక్కళ్ళే రాత్రంతా తందాన తాన అనరు కదా. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ వంత లాంటిది. వీధి లైన్లో 50 హెర్ట్జ్ తాళం, అంటే సెకనుకి 50 సార్లు కరెంటు ఊగే లయ, వినిపిస్తేనే అది గొంతు కలుపుతుంది, తాళం ఆగితే 2 సెకన్లలోపే నోరు మూసుకోవాలి, రూలు అది. ఎందుకంటే కరెంటు పోయిందని స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతికి మీ మేడ మీద నుంచి కరెంటు తగలకూడదు. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టుల్ని మన వోల్టేజికి దించుతుంది అని అందరికీ తెలుసు, అదే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇటువైపు నుంచి 230 తోస్తే అటువైపు 11 వేలు లేస్తుందని మాత్రం ఎవరికీ గుర్తుండదు. లైను మీద పడ్డ చెట్టు కొడుతూ తీగ పట్టుకున్నోడు మీ వీధివాడే అయ్యుంటాడు.

ఇంత చెప్పాక కూడా ఒకాయన "అయితే నా ఇంటి ఇన్వర్టర్ కరెంటే దానికి చూపించి వీధి కరెంటు వచ్చిందని నమ్మిస్తే" అన్నారు. తెలివే. మధ్యాహ్నం 3 కిలోవాట్లు లోపలికి దూసుకొస్తే ఇంట్లో ఉండే 900 వీఏ చిన్న ఇన్వర్టర్ దాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది, కాలిపోద్ది. ఇంకొకాయన చిన్న జెనరేటర్ తెచ్చి రెండు వైపులా మగ ప్లగ్గులున్న వైరుతో గోడ సాకెట్లోకి కరెంటు ఎక్కిస్తానన్నారు. ఆ వైరు ఇంట్లో ఉంటే ఇప్పుడే కత్తిరించి పారెయ్యండి, మాటల్లేవు. ఆ వైరు ఒక కొస ఊడితే బయట కనపడే ఇత్తడి పిన్నుల్లోనే 230 ఉంటుంది, పిల్లలున్న ఇల్లు. జెనరేటర్ వాడాలంటే చేంజోవర్ స్విచ్, అంటే ఇంటిని వీధి లైను నుంచి తెంపి జెనరేటర్‌కి కలిపే స్విచ్, పెట్టించుకోండి, లేదా ఎక్స్‌టెన్షన్ బాక్సుతో నేరుగా ఫ్రిజ్‌కి ఇచ్చుకోండి, జెనరేటర్ మాత్రం ఇంట్లో, వరండాలో, కిటికీ పక్కన పెట్టొద్దు, ఆ పొగకి నిద్రలోనే పోతారు.

మీది ఏ రకమో తెలియకపోతే ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం మెయిన్, ఇంటి బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అది కూడా, ఆపి ఫ్యాను చూడండి. తిరిగితే హైబ్రిడ్, అంటే బ్యాటరీ కూడా ఉన్న రకం, ఆగితే ఆన్‌గ్రిడ్. మా బంధువుల ఇంట్లో పెట్టినవాడు "కరెంటు పోయినా మీకు ఢోకా లేదండి" అని చెప్పి డబ్బు తీసుకుని వెళ్ళాడు, వాళ్ళకి నిజం తెలిసింది మొదటి వానకి.

సరే, ఆఖరి 24 గంటలు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక తీరంలో గాలివాన మొదలయ్యే టైముకి కనీసం 24 గంటల ముందు ఇస్తుంది, మన లెక్క అక్కడ మొదలు. నా పద్ధతి ఒకటే, కరెంటుని కరెంటుగా దాచుకోవడం మహా ఖరీదు, నీళ్ళుగా, ఐసుగా, పిండిగా దాచుకోవడం చవక. ఒక హెచ్‌పీ మోటారు వెయ్యి లీటర్ల ట్యాంకు నింపడానికి అర యూనిట్ కూడా కాల్చదు, అదే మోటారుని తర్వాత మీ ఇన్వర్టర్ మీద వెయ్యబోతే స్టార్ట్ కూడా అవ్వదు. కాబట్టి ముందు నీళ్ళు. ట్యాంకు నిండా ఉంటే టన్ను బరువు, గాలికి కదలదు. ఖాళీది ఎగిరిపోద్ది, హుద్‌హుద్ రోజు పక్కింటి వాళ్ళ ఖాళీ ట్యాంకు డబడబా కొట్టుకుంటూ మా సందులోకి దొర్లుకుంటూ వచ్చింది. అపార్ట్‌మెంట్ వాళ్ళు ఉమ్మడి ట్యాంకుని నమ్మొద్దు, మొదటిరోజు సాయంత్రానికే ఎవరో ఒకరు బట్టలు ఉతికేస్తారు. బకెట్లు, డ్రమ్ములు, స్టీలు బిందెలు, ప్రెషర్ కుక్కర్‌తో సహా నింపుకోండి. తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 4 లీటర్లు వేసుకుంటే నలుగురికి పది రోజులకి 160 లీటర్లు, ఎనిమిది టిన్నులు. ఆర్ఓ మిషను కరెంటు లేకపోతే గోడకి అలంకారం, అటక మీద పడేసిన పాత క్యాండిల్ ఫిల్టరు దించండి. అది కూడా లేకపోతే కాచి తాగడమే.

ఫ్రిజ్‌లో డీప్ ఫ్రీజర్ నిండా నీళ్ళ సీసాలు పెట్టండి, పైన కొంచెం ఖాళీ వదిలి. తలుపు తియ్యకపోతే నిండు ఫ్రీజర్ రెండు రోజులు చల్లగా ఉంటుంది, సగం నిండింది ఒక రోజు, కింది అర నాలుగు గంటలు. పిల్లలకి చెప్పండి, ఊరికే తలుపు తీసి చూసే అలవాటు మనకే ఎక్కువనుకోండి. చిన్న గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టండి, తర్వాత ఎప్పుడు చూసినా బిళ్ళ గ్లాసు అడుక్కి దిగి ఉందంటే మధ్యలో ఐసు మొత్తం కరిగినట్టు, ఫ్రీజర్లో చేపలుంటే ఆలోచించకుండా పారెయ్యండి.

ఇన్సులిన్ వాడేవాళ్ళు, చాలా రకాల్లో తెరిచిన సీసా 30 డిగ్రీల లోపు దాదాపు 4 వారాలు బయట ఉంటుంది, మీ రకం సంగతి మీ డాక్టర్ని ఇవాళే అడగండి. ఐసుకి ఆనించి మాత్రం పెట్టొద్దు, గడ్డకడితే ఇక పనికిరాదు. తడిగుడ్డ చుట్టిన కుండలో పెడితే చల్లగా ఉంటుంది అంటారు, నిజమే, కానీ తుపాను తర్వాత గాలంతా తేమే కాబట్టి ఏప్రిల్‌లో పనిచేసినట్టు పనిచెయ్యదు.

మిక్సీ పని మొత్తం ముందు రాత్రే. ఇడ్లీ పిండి రుబ్బొద్దు, రెండో రోజుకి పులిసిపోద్ది. కందిపొడి, కారప్పొడి, వేయించిన రవ్వ, అటుకులు, ఇవి చాలు. ఇండక్షన్ పొయ్యి ఒక్కటే ఉన్నవాళ్ళు చిన్న సిలిండర్ సంగతి చూసుకోండి. నగదు సంగతి తెలుసు కదా, కాకపోతే అన్నీ పది, ఇరవై, యాభై నోట్లే పెట్టుకోండి, ఆ రోజుల్లో పాల ప్యాకెట్ అమ్మేవాడి దగ్గర చిల్లర ఉండదు, ఐదొందలు ఇస్తే ఐదొందలూ పోయినట్టే. ఫోన్లు ఫుల్ చార్జి పెట్టుకోవడం మంచిదే కానీ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే, తర్వాత డీజిల్ పోసేవాడు రావాలి, అందుకే నంబర్లు కాగితం మీద రాసుకోండి. నేనైతే ఇన్వర్టర్ ఆపేసి బ్యాటరీకి కారు చార్జర్ సాకెట్ తగిలించి ఫోన్లు చార్జి చేస్తా, ఆ 20 వాట్ల దండగ ఉండదు. ప్లస్ వైరు మీద 5 ఆంపుల ఫ్యూజు లేకుండా ఆ పని చెయ్యొద్దు, పానాతో కూడా జాగ్రత్త, జారి రెండు టెర్మినళ్ళకీ తగిలితే వెల్డింగే. పెన్సిల్ సెల్స్ రేడియో ఒకటి కొనండి, నవ్వితే నవ్వనివ్వండి.

ప్రాక్టీసు. వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి మెయిన్ ఆపి ఆదివారం సాయంత్రం ఆరింటికి వెయ్యండి. ఇంట్లో ఆక్సిజన్ మిషను లాంటివి ఉన్నవాళ్ళు చెయ్యొద్దు. ఆపిన గంటల్లో అలవాటుగా చెయ్యి ఏ స్విచ్ మీదకి వెళ్ళినా ఒక కాగితం మీద గీత పెట్టి పక్కన ఆ వస్తువు పేరు రాయండి. మా ఇంట్లో మొదటిసారి 41 గీతలు, అందులో 9 బాత్రూం లైటువి. ఆ కాగితం పారెయ్యొద్దు, కరెంటు తిరిగొచ్చాక ఏది ముందు వెయ్యాలి, ఏది వేస్తే కాలిపోద్ది అనే ఐదో పాఠానికి అది కావాలి.