సైన్స్ సెంటర్లో ఎక్స్‌ప్లెయినర్‌గా చేరాలనుకునేవాళ్ళకి

బీఎస్సీ అయిపోయింది, పిల్లలకి చెప్పడం ఇష్టమే కానీ సిలబస్, పరీక్షలు, పేపర్లు దిద్దడం అంటే ఒళ్ళు మంట, అలాంటోళ్ళకి ఈ పని భలే సూటవుతుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియం, తిరుపతి రీజినల్ సైన్స్ సెంటర్ లాంటి చోట్ల ఎగ్జిబిట్ పక్కన నిలబడి వచ్చినోళ్ళకి చూపించి చెప్పేవాళ్ళని ఎక్స్‌ప్లెయినర్లు అంటారు, జనం మాత్రం గైడ్ అనే పిలుస్తారు, పిలవనివ్వండి ఏం పోయింది.

ముందుగా ఒకటి బుర్రలో పెట్టుకోండి. క్లాసులో పిల్లాడు బోర్ కొట్టినా కూర్చోవాలి, ఇక్కడ నచ్చకపోతే మీ మాట సగంలో ఉండగానే పక్క ఎగ్జిబిట్‌కి జారుకుంటారు. ఒక్కో గుంపు మీ ముందు నిలబడేది మహా అయితే మూడు నాలుగు నిమిషాలు. అందులో డెఫినిషన్‌తో మొదలుపెట్టారో అయిపోయింది. వాళ్ళకి ఆల్రెడీ తెలిసిన దాంట్లోంచి దూరాలి, పని వాళ్ళ చేతులతో చేయించాలి, మీరు నోరు తెరిచేది ఆ తర్వాతే. ఈ ఉద్యోగంలో నేర్చుకోవాల్సింది దాదాపు ఇంతే, మిగతాదంతా ప్రాక్టీసు.

ఎలాగో చెప్తా. గ్రహణం వచ్చిందంటే మన టీవీల్లో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టి చూపిస్తారు కదా, గ్రహణం పట్టినప్పుడే నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది అంటారు. దీని గురించి జనం మిమ్మల్ని అడిగి తీరతారు. అప్పుడు "అది మూఢనమ్మకం అండీ" అన్నారనుకోండి, పెద్దవాళ్ళు మొహం ముడుచుకుని వెళ్ళిపోతారు, పిల్లలకి కూడా ఏమీ మిగలదు. దానికి బదులు పొన్ను వేసిన పాత రోకలి ఒకటి సంపాదించి కౌంటర్ వెనకాల పెట్టుకోండి. గ్రహణం గిహణం ఏమీ లేని మామూలు రోజున, అడిగినావిడ చేతికే ఇచ్చి "నిలబెట్టండమ్మా" అనండి. రెండు వేళ్ళతో పట్టుకుని, ఊగడం ఆగాక మెల్లగా వదలమనండి. ఒకట్రెండు సార్లు పడుతుంది, తర్వాత నిలబడుతుంది. ముందు పళ్ళెంలో నీళ్ళు పోసి, తర్వాత పళ్ళెం కూడా తీసేసి ఉత్త గచ్చు మీద. అక్కడ మీరు ఏమీ అనక్కర్లేదు, "మరి మేం ఎప్పుడూ మామూలు రోజు చూడలేదే" అనే మాట వాళ్ళ నోట్లోంచే వస్తుంది.

ఆ మాట వచ్చాకే గరిమనాభి, అంటే వస్తువు బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసుకునే బిందువు. మీటరు పొడుగు, ఆరు సెంటీమీటర్ల మందం ఉన్న రోకలి అనుకుంటే దాని బరువు సుమారు సగం ఎత్తులో ఉన్నట్టు లెక్క, మూడు డిగ్రీలు దాటి వంగితే ఆ బరువు గీత అడుగు అంచు బయటకి పోతుంది, పడిపోతుంది. అంటే పై కొస ఐదారు సెంటీమీటర్లు పక్కకి జరిగేదాకా పర్లేదన్నమాట. పిల్లలతో పై కొసని మెల్లగా తోయించి ఎక్కడ పడుతుందో స్కేలు పెట్టి కొలిపించండి, ఇక ఆ గుంపు మిమ్మల్ని వదలదు.

గ్రహణం రోజు అడిగే ఇంకో ప్రశ్న, కడుపుతో ఉన్నవాళ్ళు బయటకి రావచ్చా అని. సూటిగా చెప్పండి, బిడ్డకి ఏమీ కాదు, జాగ్రత్త పడాల్సింది కళ్ళ విషయంలో, అదీ అందరూ. ఇంట్లో అత్తగారు ఒప్పుకోకపోతే ఆవిడతో గొడవ పెట్టుకోమని చెప్పడం మన పని కాదు, కనీసం నీళ్ళు తాగడం, టైముకి తినడం మానొద్దని చెప్తే చాలు. ఎక్స్‌రే ఫిల్ములు, పేడ నీళ్ళలో నీడ చూడటం వద్దనండి, అసలైన సోలార్ ఫిల్టర్ కళ్ళద్దాలే వాడాలి. అవి అందరికీ సరిపోవు కాబట్టి బూందీ గరిటె తెచ్చుకోండి, పాక్షిక గ్రహణంలో ఎండకి పెడితే ఒక్కో చిల్లు కింద ఒక్కో చిన్న నెలవంక పడుతుంది, తలెత్తే పనే లేదు. గుంపులో అరవై దాటినవాళ్ళు కనిపిస్తే 1980 ఫిబ్రవరి 16న ఎక్కడున్నారని అడగండి. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగానే పోయింది, ఉస్మానియా వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా దాని దారిలో ఉంది. తలుపులేసుకుని కూర్చున్నాం, రోడ్లన్నీ ఖాళీ అని వాళ్ళే కథ ఎత్తుకుంటారు, మీ కంటే బాగా చెప్తారు కూడా.

టెలిస్కోప్ పట్టుకుని ఊళ్ళకి వెళ్ళే ప్రోగ్రాంలో పడితే కార్తెలు పట్టుకోండి. రైతుకి మృగశిర కార్తె, రోహిణి కార్తె మీకంటే బాగా తెలుసు. సూర్యుడు ఒక నక్షత్రం ముక్కలో ఉన్నన్నాళ్ళూ ఆ కార్తె. ఆకాశంలో సూర్యుడి దారిని 27 నక్షత్రాల ముక్కలు చేస్తే ఒక్కోటి 13 డిగ్రీల చిల్లర, సూర్యుడు రోజుకి ఇంచుమించు ఒక డిగ్రీ జరుగుతాడు, అందుకే కార్తె పదమూడు పద్నాలుగు రోజులు. ఇక్కడ ఒక ప్రశ్న వేయండి: మృగశిర కార్తెలో మృగశిర నక్షత్రం రాత్రి కనిపిస్తుందా? కనిపించదు, సూర్యుడు అటే ఉన్నాడు కాబట్టి పగలు ఎండలో మునిగి ఉంటుంది, చూడాలంటే చలికాలం రావాలి. అలాగే పెళ్ళైన ప్రతి జంటకీ అరుంధతిని చూపించారు, కానీ పట్టపగలు. ఏప్రిల్, మే రాత్రుల్లో ఉత్తరం వైపు సప్తర్షుల తోకలో మధ్య చుక్కని, అదే వశిష్ఠుణ్ణి చూపించి, పక్కన సన్నటి చుక్క కనబడుతోందా, అదే అరుంధతి అనండి. ఆ తర్వాత టెలిస్కోప్‌లో వశిష్ఠుడే రెండు నక్షత్రాలని చూపిస్తే నోరెళ్ళబెడతారు.

సెంటర్ లోపల డెమోల విషయానికొస్తే వాన్ డి గ్రాఫ్ జనరేటర్ దగ్గరే జనం ఎక్కువ, అదే, లోహపు గోళం మీద చెయ్యి పెడితే స్థిర విద్యుత్తుకి జుట్టు నిక్కబొడుచుకునే మెషీన్. తలకి కొబ్బరినూనె పట్టించి రెండు జడలేసుకొచ్చిన అమ్మాయిని స్టూల్ ఎక్కిస్తే ఒక్క వెంట్రుక కూడా లేవదు, పాపం ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. పొడి జుట్టు వదిలేసుకున్నవాళ్ళని వెతకండి. వానాకాలం గాలిలో తేమకి మెషీన్ కూడా మొరాయిస్తుంది, గోళాన్ని తుడిచి హెయిర్ డ్రయర్ పట్టి ఆరబెట్టండి. మొదలుపెట్టే ముందు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దూరంగా ఉండమని గట్టిగా చెప్పడం మర్చిపోవద్దు, దీంట్లో మొహమాటం లేదు.

బాస్కెట్‌బాల్ భూమి, టెన్నిస్ బాల్ చంద్రుడు, ఈ డెమో రూపాయి ఖర్చు లేకుండా ఎక్కడైనా అవుతుంది. చంద్రుణ్ణి ఎంత దూరంలో పట్టుకోవాలో పిల్లాణ్ణే అడగండి, చాలామంది మూరెడు దూరంలో పెడతారు. ఒక్కో అడుగు వెనక్కి నడిపిస్తూ 7 మీటర్ల దగ్గర ఆపండి. సూర్యుడేడీ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇదే లెక్కలో 26 మీటర్ల బంతి, 2.8 కిలోమీటర్ల అవతల. మీ సెంటర్ నుంచి అంత దూరంలో ఏ గుడి ఉందో ఏ బస్టాండ్ ఉందో ముందే మ్యాప్‌లో చూసి పెట్టుకోండి, అంకె గుర్తుండదు, బస్టాండ్ గుర్తుంటుంది. ఇలాంటి లోకల్ సంగతి ఏది దొరికినా వదలొద్దు. బిర్లాలో ఉన్న కోటాసారస్ డైనోసార్ ఎముకలు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వినవి, ఆ వైపు స్కూలు పిల్లలొస్తే "ఇది మీ ఊరిదేరా" అని మొదలుపెట్టండి చాలు.

తెలీని ప్రశ్న వస్తే తెలీదని చెప్పేయండి, చిన్న నోట్‌బుక్‌లో రాసుకుని ఆ రాత్రే వెతకండి, అదే ప్రశ్న ఇంకొకళ్ళు మళ్ళీ అడుగుతారు. స్కూల్ గ్రూపులో టీచర్ గారు పక్కనుంచి "సైలెన్స్, సైలెన్స్" అంటూ ఉంటే ఆయన్నే డెమోకి పిలవండి, గొడవ వదిలిపోతుంది. చివర్లో అర్థమైందా అని అడగడం దండగ, అందరూ అయిందనే అంటారు, ఒకణ్ణి పిలిచి కొత్తగా వచ్చిన గుంపుకి చెప్పమనండి, ఎక్కడ తేడా కొట్టిందో మీకే తెలుస్తుంది. గొంతు మీద అరవడం కంటే చిన్న మైక్ కొనుక్కోవడం మేలు.

ఉద్యోగాలు మొదట్లో ఎక్కువగా కాంట్రాక్టే, జీతం గురించి పెద్ద ఆశలు పెట్టుకుని రావద్దు. లోపలికి రావడానికి తేలికైన దారి వలంటీర్‌గా చేరడం. ఫిబ్రవరి 28 సైన్స్ డే, ఆగస్టు 23 స్పేస్ డే, అక్టోబర్ 4 నుంచి 10 దాకా స్పేస్ వీక్, ఈ రోజుల్లో మనుషులు చాలక అల్లాడతారు. హైదరాబాద్‌లో అయితే మే 9, ఆగస్టు 3 నీడ మాయమయ్యే రోజులు, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలబెట్టిన కర్ర నీడ దాని కిందే పడిపోతుంది, మధ్యాహ్నం పన్నెండుంపావు అటూ ఇటూగా, ఆగస్టులో మబ్బు పడితే మన ఖర్మ. నెల ముందే వెళ్ళి అడగండి, రెజ్యూమేతో పాటు బ్యాగులో ఒక డెమో పెట్టుకుని వెళ్ళండి, చూపించమంటే అక్కడికక్కడే టేబుల్ మీద పెట్టి చూపించొచ్చు.