కారు యాక్సిడెంట్ క్లెయిమ్: మొదటి కాగితంలో ఏం పడిందో చూసుకోండి

కారు గుద్ది దెబ్బ తగిలినవాళ్లు వేసే పరిహారం క్లెయిమ్‌ను చెడగొట్టే మాట చాలాసార్లు ఆసుపత్రి క్యాజువాలిటీలోనే పడిపోతుంది. పోలీసు కేసంటే చేర్చుకోరేమోనన్న భయంతో వెంట వచ్చినవాళ్లు ‘బండి మీంచి తనే జారి పడ్డాడు’ అంటారు. డ్యూటీ డాక్టర్ అదే రాసుకుంటాడు. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ ఆ ఒక్క లైను పట్టుకుని, కారును కావాలనే కేసులో ఇరికించారని వాదిస్తాడు.

కాబట్టి ఎంఎల్‌సీ రిజిస్టర్‌లో (పోలీసు కేసయ్యే గాయాలను ఆసుపత్రి రాసుకునే పుస్తకం), కేస్ షీటులో ఏ బండి, ఎటు నుంచి, ఎక్కడ, ఎన్ని గంటలకు గుద్దిందో రాయించండి. నంబరు తెలియకపోతే ‘తెల్ల కారు వెనక నుంచి గుద్దింది’ అన్నా చాలు. ఊహించి నంబరు చెప్పొద్దు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు పంపిస్తే అక్కడ ఇంకొకరు ఇంకో తీరుగా చెప్పకుండా చూసుకోండి, రెండు ఆసుపత్రుల కాగితాలను పక్కపక్కన పెట్టి చదువుతారు. తప్పు పడితే కొట్టివేతలు వద్దు. అదే రోజు డాక్టర్‌తో సవరణ రాయించి, తేదీ, సంతకం పెట్టించండి.

ఇక రోడ్డు మీద. ముందు 108కు, 112కు ఫోన్. జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా. బండ్లు జరపకముందే ఫొటోలు తియ్యండి. ముందు దూరం నుంచి కిలోమీటరు రాయి, డివైడర్, యూటర్న్ కనపడేలా. తర్వాత రెండు బండ్లు, నంబరు ప్లేట్లు కలిపి. చివరగా దగ్గర్నుంచి సొట్టలు, అంటుకున్న రంగు, గాజు ముక్కలు. టైరు గీతల పక్కన ఒక చెప్పు పెట్టి తీస్తే పొడవు తెలుస్తుంది. ఈ గీతలు ఒక్క వానకే పోతాయి.

మన దగ్గర ఇంకో రెండు గమనించాలి. మిర్యాలగూడ, హాలియా దిక్కు కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. తెల్లారేసరికి అవి ఉండవు, రాత్రే ఫొటో తియ్యండి. వెనక లైటు, రిఫ్లెక్టర్ లేని పత్తి ట్రాక్టర్‌ను కారు గుద్దితే ట్రాలీ వెనక భాగాన్ని విడిగా తియ్యండి. ట్రాక్టర్‌కు, ట్రాలీకి రిజిస్ట్రేషన్ నంబర్లు వేరు. రెండూ రాసుకుని, రెండింటికీ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి.

సీసీ కెమెరాల విషయంలో ఆలస్యం చెయ్యొద్దు. దాబా, పెట్రోల్ బంకు డీవీఆర్‌లలో (కెమెరా రికార్డింగ్ దాచే పెట్టె) హార్డ్‌డిస్క్ నిండగానే పాతది దానంతటదే చెరిగిపోతుంది. కొన్నిచోట్ల వారం కూడా ఉండదు. మర్నాడే ఓనర్‌ను అడగండి, ఫుటేజీ సేకరించమని స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. స్క్రీన్‌ను ఫోన్‌తో రికార్డు చేస్తే సరిపోదు, అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. డీవీఆర్ గడియారం తప్పు చూపిస్తుంటే ఎన్ని నిమిషాల తేడానో రాసి పెట్టుకోండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ జత చెయ్యాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత, తీసిన సమయం వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, ఫోన్‌లో అసలుది చెరపొద్దు. కారు పంతంగి టోల్ దాటి వచ్చిందనుకుంటే ఫాస్టాగ్ లెక్క కూడా తెప్పించమని ఎస్సైని అడగండి.

ఫిర్యాదులో ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అన్నమాట ప్రతి కేసులోనూ ఉంటుంది. ఏ వైపు వెళ్తున్నారు, కారు ఎటు నుంచి వచ్చింది, ఎక్కడ తగిలింది అన్నది బరువైన మాట. ఆలస్యమైతే ‘ఆపరేషన్ వల్ల’ అని కారణం అందులోనే రాయండి. చదివాకే సంతకం. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితం. పంచనామా, రఫ్ స్కెచ్, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, చార్జిషీటు తర్వాత తీసుకోవాలి. స్కెచ్‌లో దిక్కులు తారుమారైతే తప్పు మీ మీదికే తిరుగుతుంది. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ చూసేదాకా బండిని షెడ్డుకు పంపొద్దు. చూసినవాళ్ల పేరు, ఊరు, ఫోన్ రాసుకోండి. దారిన పోయేవాడి సాక్ష్యానికి బంధువు సాక్ష్యం కన్నా బలం ఎక్కువ.

బిల్లులకు ఎస్టిమేట్ స్లిప్పులు పనికిరావు. మందుల బిల్లు మీద పేషెంట్ పేరు, తేదీ, నంబరు ఉండాలి, వెంట ప్రిస్క్రిప్షన్ ఉండాలి. మెరిసే కాగితం మీది అక్షరాలు కొన్ని నెలల్లోనే తెల్లబోతాయి, అందిన రోజే జిరాక్స్ తీయించండి.

ఆదాయం రుజువు కావాలి. రైతుకు పట్టాదారు పాసు పుస్తకం, మార్కెట్ తక్‌పట్టీలు (పంట అమ్మిన రసీదులు), పాల కేంద్రం లెక్కలు. మేస్త్రీ కింద చేసే కూలీకి ఫోన్‌పే, బ్యాంకు స్టేట్‌మెంట్. వైకల్యం శాతం ఒక్కటే చాలదు. కాలికి 30 శాతం అన్నది గుమస్తాకు ఒక లెక్క, లారీ డ్రైవర్‌కు బతుకే పోయినంత లెక్క. అందుకే లైసెన్సు కూడా జత చెయ్యాలి.

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు క్లెయిమ్ వెయ్యాలి. పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) పంపాలి. పంపారా అని అడుగుతూ ఉండండి. మక్తల్‌లో ఉంటూ బెంగళూరు పనికి పోయినవాళ్లు అక్కడ దెబ్బ తగిలినా ఇక్కడి ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే 161వ సెక్షన్ కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు వస్తాయి.

పెద్దమనుషులు రాజీ కాగితం తెస్తారు. అందులో ‘ఇక కేసు లేదు’ అని ఉంటే సంతకం పెట్టొద్దు. డబ్బు తీసుకోక తప్పకపోతే ఎంత, ఏ తేదీన, చికిత్స కోసం అని మాత్రమే రాయించండి.