పసుపు బల్బు వెలుగులో మగ్గాన్ని 4×5 అంగుళాల కలర్ షీట్ ఫిల్మ్‌పై తీయడం ఎలా?

తెలంగాణలోని పుట్టపాకలో నేసే తేలియా రుమాల్ అనే ఇకత్ బట్టలో ప్రధానంగా ఎరుపు, నలుపు, తెలుపు ఉంటాయి. గుంట మగ్గం గదిలో పసుపు బల్బు కింద దాన్ని కలర్ నెగెటివ్‌పై తీస్తే ముందు దెబ్బతినేది తెలుపే. కంటికి తెల్లగా కనబడే నూలు ఫిల్మ్‌పై నారింజలోకి పోతుంది. కొడాక్ పోర్ట్రా 160 లాంటి ఫిల్మ్ 5500 కెల్విన్ పగటి వెలుగుకు తయారైంది. టంగ్‌స్టన్ స్టూడియో లైటు 3200, ఇంటి ఫిలమెంట్ బల్బు సుమారు 2800. ఈ వెలుగులో నీలం చాలా తక్కువ.

ముందు ట్యూబ్‌లైటు ఆర్పి, కిటికీలు మూయండి. రెండు రకాల వెలుగు కలిస్తే ఏ ఫిల్టరూ ఏమీ చేయలేదు. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా ఎల్‌ఈడీలే కాబట్టి మీ హాలోజన్ లైటు మీరే తీసుకెళ్లండి. సాయంత్రం వోల్టేజ్ పడిపోతే అదీ ఎర్రబడి మసకేస్తుంది. అందుకే మీటర్ రీడింగ్ షాట్‌కి ముందే తీసుకోవాలి, గంట క్రితం రాసుకున్నది పనికిరాదు.

తర్వాత ఫోకస్. కెమెరా వెనక బొమ్మ కనబడే గరుకు గాజు (గ్రౌండ్ గ్లాస్)పై ఫోకస్ చేశాకే లెన్స్ ముందు 80ఎ నీలి ఫిల్టర్ పెట్టండి, లేకపోతే చీకట్లో పోగులు కనబడవు. ఈ ఫిల్టర్ 3200ని 5500కి మారుస్తుంది, బదులుగా 2 స్టాపుల వెలుగు తింటుంది. ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది, అంటే నాలుగో వంతే మిగులుతుంది. ఇంటి బల్బు కిందైతే కొంత పసుపు మిగులుతుంది. నాకైతే అది ఉండటమే ఇష్టం.

అసలు లెక్క ఇక్కడుంది. లెన్స్ రంధ్రం ఎఫ్/16 దగ్గర మీటర్ 1 సెకను చూపిందనుకోండి. ఫిల్టర్‌కి 4 సెకన్లు. చేతి పనిని దగ్గరగా తీయడానికి 150 మి.మీ. లెన్స్ బెలోస్‌ను (లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య మడతల గొట్టాన్ని) 180 దాకా లాగితే ఫిల్మ్‌కి చేరే వెలుగు తగ్గుతుంది కాబట్టి, 180ని 150తో భాగించి వర్గం చేయాలి: 1.44. 4ని దానితో గుణిస్తే దాదాపు 6 సెకన్లు. సెకను దాటితే ఫిల్మ్ స్పందన మందగిస్తుంది కనుక ఇంకో అర స్టాపు పైనే కలిపి 10 సెకన్లు ఇవ్వండి. టెన్షన్ వద్దు, కలర్ నెగెటివ్ ఎక్కువ వెలుగును ఓర్చుకుంటుంది. తక్కువైతేనే నీడలు పాడవుతాయి.

పది సెకన్లు మగ్గం ఆడితే చేతులు, నాడె మసకబారతాయి. "అన్నా, జర కదలకుండా ఉండు" అని ముందే అడగండి. కదలికే కావాలంటే అడగక్కర్లేదు.

ఫిల్టర్ లేదా? 2 స్టాపులు అదనంగా ఇచ్చి, రంగును స్కానింగ్‌లో సరిచేసుకోవచ్చు. వెలుగు బొటాబొటిగా ఇస్తే నీలం పొర పలచబడి, సరిచేసేటప్పుడు గింజ (గ్రెయిన్) తేలుతుంది.

ఒక షీట్‌పై అదే వెలుగులో గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) తీసి, సి-41 (కలర్ నెగెటివ్ కడిగే పద్ధతి) ల్యాబ్‌కి మిగతావాటితో కలిపి ఇవ్వండి. స్కాన్ చేసేవాళ్లకి రంగు సరిచూసుకోవడానికి అదే ఆధారం. తెలుపును మాత్రం పూర్తిగా పాల రంగులోకి లాగొద్దని చెప్పండి.